గ్రౌండు ఉంది సరే, ఆట ఎప్పుడు?

న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు పోయిన ఏడాది జూన్ ఆఖర్లో పిల్లల్ని తీసుకుని హిందూపురం వచ్చింది. అక్కడ బడులు మూసేది అప్పుడే. మనకేమో అప్పటికి బడులు తెరిచి, యూనిఫారాలు, నోటు పుస్తకాల హడావుడి కూడా అయిపోయి ఉంటుంది. దాని కూతురికి పదకొండేళ్లు. పెట్టె తెరవగానే బట్టల కంటే ముందు ఒక తోలు గ్లౌజు బయటికి తీసింది. ఎడమ చేతికి తొడుక్కునేది, ఓళిగంత వెడల్పుంది. దాన్ని తొడుక్కుని, "పెద్దమ్మా, ఇక్కడ లీగ్ ఎక్కడ?" అనడిగింది.

నాకేమీ అర్థం కాలేదు. నాకు తెలిసిన లీగ్ టీవీలో వచ్చే ఐపీఎల్ ఒక్కటే. మా చెల్లెలు నవ్వి విడమరచి చెప్పింది. వాళ్ల దగ్గర పిల్లల బేస్‌బాల్‌కు లిటిల్ లీగ్ అని ఉందట. ఫోనులో మన ఇంటి పిన్‌కోడ్ కొడితే చాలు, మన వీధి ఏ లీగ్ కిందికి వస్తుంది, గ్రౌండు ఎక్కడ, పేర్లు ఎప్పుడు రాయించుకుంటారు, ఎవరిని కలవాలి అన్నీ వచ్చేస్తాయట. నేర్పేది ఎవరనుకున్నారు? జీతాలిచ్చి పెట్టుకున్న కోచ్‌లు కారు. తల్లులు, తండ్రులు. బేస్‌బాల్ బ్యాటు ఎప్పుడూ పట్టని మా మరిది శనివారం పొద్దున్నే అంపైర్‌గా నిలబడతాడట. మా చెల్లెలికి తినుబండారాల బడ్డీ దగ్గర డ్యూటీ. "అక్కా, నాకు ఆ ఊళ్లో మనుషులు పరిచయమైందే ఆ బడ్డీ దగ్గర" అంది.

సరే, పిల్ల అడిగింది కదా అని ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయినీ, దాన్నీ వెంటేసుకుని సాయంత్రం ఐదింటికి బయలుదేరాను. మన ఊళ్లో మైదానాలు లేవని కాదు. ఎం.జి.ఎం. మైదానం ఉంది, హైస్కూళ్ల మైదానాలున్నాయి. మేం పోయినది ఏదైతేనేం, చూసింది చెప్తాను. ఒకే గ్రౌండులో నాలుగు క్రికెట్ ఆటలు ఒకదాని మీద ఒకటి పడి జరుగుతున్నాయి. ఒక ఆట ఫీల్డరు ఇంకో ఆట పిచ్ మీద నిలబడి ఉన్నాడు. అంతా మగపిల్లలే. ఆడపిల్ల అనేది ఒక్కటి లేదు. మగపిల్లలు మంచివాళ్లే, ఆ మాట చెప్పాలి. "అక్కా, అదేం గ్లౌజు, కీపింగ్‌దా?" అని చుట్టూ మూగారు. ఒక పావుగంట వాళ్లకు గ్లౌజిచ్చి, వీళ్లు బంతి విసిరి, బాగానే ఆడుకున్నారు. ఇంతలో చీకటి పడింది. లైటు లేదు. మా అమ్మాయి నా చెవిలో "అమ్మా, బాత్‌రూముకి పోవాల" అంది. బాత్‌రూమూ లేదు. ఇంటికొచ్చేశాం.

గుమ్మంలోనే మా అత్తగారు. "ఎనిమిదో క్లాసు పిల్లని గ్రౌండ్లో ఆడిస్తున్నావా, బాగుంది" అన్నారు. కోపంగా కాదు, ఆమెకు నిజంగానే ఆశ్చర్యం. నేను ఏడో క్లాసులో ఖోఖో ఆడేదాన్ని. ఒక రోజు సాయంత్రం మా అవ్వ "ఇంక చాలు తల్లీ" అంది. ఎందుకు అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు తెలిసిపోయింది. నాతోపాటు ఆడిన తొమ్మిది మందీ ఏడాది తిరిగేలోగా మానేశారు. మేం ఎవరమూ అదొక నష్టమని అనుకోలేదు.

చాలామందికి బేస్‌బాల్ అంటే ఏదో అమెరికా వాళ్ల వింత ఆట అనిపిస్తుంది. మనం చిన్నప్పుడు ఆడిన బిళ్లంగోడునీ, ఏడుపెంకులాటనీ కలిపి కుట్టినట్టుంటుంది. విసిరిన బంతిని కొట్టు, కర్ర పడేసి పరుగెత్తు, నువ్వు చేరేలోగా బంతి చేరిందా నీ పని అయిపోయినట్టు. నాలుగు మూలలూ చుట్టి బయలుదేరిన చోటికి వస్తే ఒక పరుగు. దీని చెల్లెలు సాఫ్ట్‌బాల్. బంతి కాస్త పెద్దది, చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌బాల్ బంతిదైతే 9. సాఫ్ట్‌బాల్‌లో చెయ్యి కిందినుంచి ఊపి విసరాలి. మన బడుల్లో ఆడపిల్లలు ఆడేది ఎక్కువగా ఇదే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో రెండు ఆటలూ ఉన్నాయి. కాబట్టి మనకు బొత్తిగా కొత్తదేం కాదు.

ఇక స్థలం సంగతి. పెద్దవాళ్ల బేస్‌బాల్‌లో ఒక మూలకీ ఇంకో మూలకీ 90 అడుగులు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 60 అడుగులే. బంతి విసిరే పిల్ల 46 అడుగుల దూరంలో నిలబడుతుంది. హద్దు కంచె 200 అడుగుల దూరంలో ఉంటుంది. వృత్తంలో నాలుగో వంతు ఆకారం. లెక్కేసి చూశాను, 72 సెంట్లు వస్తుంది. వెనకాల, పక్కన కాస్త జాగా వదిలినా దాదాపు ఒక ఎకరం. మన మూడు ఊళ్లలోనూ ఆ మాత్రం జాగా ఉన్న హైస్కూళ్లు లేవంటారా? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడే బడికి ఆటస్థలం ఉండాలని అందులో రాశారు. మేడ మీద మేడ కట్టి, కింద ఆటోలు ఆపుకునే జాగాని ఆటస్థలమని చూపించే బళ్ల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం, ఇప్పుడు మొదలుపెడితే తెమలదు.

అసలు లోటు ఎక్కడుందో నాకు ధర్మవరంలో తెలిసింది. మా వదిన వాళ్లది మగ్గం ఇల్లు. పట్టుచీర నేస్తారు. ఆమె రెండో కూతురు చెయ్యి చూడాలి మీరు! కండెలు చుట్టి చుట్టి మణికట్టు అలా తిరుగుతుందో ఏమో, పిల్ల బంతి విసిరితే గురి తప్పదు. బళ్లో డ్రిల్లు అయ్యోరు చూసి సాఫ్ట్‌బాల్ ఆడించారు. జిల్లా సెలక్షన్లకు తీసుకుపోయారు. ముప్పై మందికి పైగా పిల్లలు వచ్చారట. పదహారు మందిని తీసుకున్నారు. ఈ పిల్ల పేరు లేదు. అన్యాయం జరిగిందని నేననడం లేదు, ఆ రోజు వేరేవాళ్లు ఇంకా బాగా ఆడి ఉండొచ్చు. నేనడిగిందల్లా ఒక్కటే: "మరి ఆ తర్వాత?"

"తర్వాతేముంది వదినా, బస్సెక్కి వచ్చేసింది" అంది ఆమె.

ఆ పిల్ల మళ్లీ ఆడలేదు. ఎవరూ వద్దనలేదు. ఆడే చోటే లేదు, అంతే. ఇప్పుడు సాయంత్రాలు కండెలు చుడుతోంది.

మన దగ్గర పిల్లల ఆటంటే సెలక్షన్. మండలం, డివిజను, జిల్లా, రాష్ట్రం. ప్రతి మెట్టు దగ్గరా సగం మందిని ఇంటికి పంపించి, చివరికి మిగిలిన వాళ్ల చేతికి ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. సర్టిఫికెట్టు చెడ్డదని కాదు, కాలేజీ సీటుకో ఉద్యోగానికో పనికొస్తుంది. కానీ ఇంటికి పంపేసిన పిల్లల మాటేమిటి? మా చెల్లెలు చెప్పిన లిటిల్ లీగ్‌లో ఒక నియమం ఉంది. టీములో పేరున్న ప్రతి పిల్లా ప్రతి మ్యాచ్‌లో ఒక్కసారైనా బ్యాటు పట్టాలి, అవతలివాళ్లు ఆరుగురు అవుటయ్యేదాకా ఫీల్డులో నిలబడాలి. బాగా ఆడేదానికీ అంతే, బంతి చూస్తే కళ్లు మూసుకునేదానికీ అంతే. బెంచీ మీద కూర్చోబెట్టి ఇంటికి పంపితే కోచ్‌దే తప్పు. ఈ మాట వినగానే నాకు ధర్మవరం పిల్ల గుర్తొచ్చింది.

వాళ్లేదో పుట్టుకతోనే పుణ్యాత్ములని అనుకోకండి. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో ఆ లీగ్ మొదలైంది. చాలా ఏళ్లు ఆడపిల్లల్ని రానివ్వలేదు. 1972లో, మా చెల్లెలుండే న్యూజెర్సీలోనే, హొబొకెన్ అనే ఊళ్లో మరియా పెపె అనే పన్నెండేళ్ల పిల్ల టీములో చేరి మూడు మ్యాచ్‌లు ఆడింది. ఆడపిల్లని ఆడిస్తే మీ ఊరి లీగ్ గుర్తింపే రద్దు చేస్తామని పైనుంచి బెదిరింపు వచ్చింది. పిల్లని తీసేశారు. మహిళా సంఘం వాళ్లు కేసు వేశారు. 1973లో ఆ పిల్ల పక్షాన తీర్పు వచ్చింది. 1974లో లిటిల్ లీగ్ ఆడపిల్లలకు తలుపు తెరిచింది, అదే ఏడాది సాఫ్ట్‌బాల్ కూడా మొదలుపెట్టింది. అప్పటికి మరియాకు 14 ఏళ్లు. ఆడే వయసు దాటిపోయింది. నలభై ఏళ్ల తర్వాత, 2014లో, మోనే డేవిస్ అనే పదమూడేళ్ల పిల్ల అదే లీగ్ ప్రపంచ పోటీల్లో బంతి విసిరి అవతలి జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. మనం చూడాల్సింది ఆ రెండేళ్లు. పన్నెండుకీ పద్నాలుగుకీ మధ్య పోయేది ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

మన జిల్లాల్లో ఏమీ లేదని నేననను. అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడా గ్రామం ఎంత పెద్దదో చూసినవాళ్లకు తెలుసు. 2010లో స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్ అక్కడ టెన్నిస్ కేంద్రం తెరిచింది. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు అక్కడే ఆడారు. ఆ అకాడమీలో నేర్చుకున్న బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టులో ఆడింది. నార్పల మండలం బండ్లపల్లి పిల్ల. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన బండ్లపల్లే. ఆ వార్త చదివిన రోజు నేను పేపరు కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించాను.

కానీ అనంతపురం మనకు ఎంత దూరం? ధర్మవరం వాళ్లకైతే పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. హిందూపురం నుంచి నూరు కిలోమీటర్ల పైనే. గార్మెంట్స్‌లో పనిచేసే తల్లి పదేళ్ల పిల్లని వారానికోసారి అంత దూరం తిప్పగలదా? వేసవి శిబిరాలు పెడతారు, మంచిదే. మే నెల ఎండలో పొద్దున్నే ఆడతారు, జూన్ రాగానే అయిపోతుంది. 2023 డిసెంబరు 26 నుంచి 2024 ఫిబ్రవరి దాకా ఆడుదాం ఆంధ్రా అని సచివాలయాల స్థాయి నుంచీ పోటీలు పెట్టారు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. పదిహేనేళ్లు నిండినవాళ్లకు. మా వీధిలో పెళ్లైన ఆడవాళ్లు కూడా ఖోఖో ఆడారు, నవ్వుకుంటూ కొంగులు దోపుకుని. చూడముచ్చటగా ఉండింది. ఫిబ్రవరితో అదీ అయిపోయింది. మనకు తిరణాలలు చేయడం బాగా వచ్చు. సంత మాత్రం వారం వారం సాగాలి. పిల్లల ఆట సంతలాంటిది.

పెనుకొండలో నా చిన్ననాటి స్నేహితురాలు టీచరు. ఈ గోలంతా దానికి ఫోనులో చెప్తే అది ఒక కొత్త విషయం చెప్పింది. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది కదా. ఆ కంపెనీకి వాళ్ల దేశంలో ఒక బేస్‌బాల్ జట్టే ఉందట. కియా టైగర్స్. గ్వాంజు అనే ఊరు. 2001లో ఆ జట్టును తీసుకున్నారు, 2009లో, 2017లో, 2024లో కొరియా చాంపియన్లయ్యారు. "ఈ ఊళ్లో కొరియా హోటళ్లు, కొరియా అక్షరాల బోర్డులు చూస్తుంటావు కదే. మనవాళ్లకు క్రికెట్ ఎట్లో వాళ్లకు ఆ ఆట అట్లా" అంది. గగనమహల్ నీడలో కొరియా వాళ్లతో కలిసి మన పిల్లలు బేస్‌బాల్ ఆడితే ఎట్లుంటుందో అని ఇద్దరమూ కాసేపు నవ్వుకున్నాం. తర్వాత అది సీరియస్‌గానే అంది: 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక సేవకు ఖర్చు పెట్టాలి, గ్రామీణ క్రీడలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇక్కడ ఒక్క కంపెనీయేనా ఉండేది? బంతులు, గ్లౌజులు, నాలుగు బేసులు అడగడానికి మొహమాటమెందుకు? అడగాల్సిన వాళ్లు అడిగితే కదా!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు పట్టా మీద ఉన్నాయి. ఒక ఊరికీ ఇంకో ఊరికీ నలభై కిలోమీటర్లు అటూ ఇటూ. చింతపండు, బెల్లం, పట్టుగూళ్లు, చీరలు ఇన్నేళ్లుగా ఈ దారిలో తిరుగుతున్నాయి. పిల్లలు నెలకోసారి తిరగలేరా? మిగిలిన ఆదివారాలు ఎవరి ఊళ్లో వాళ్లు రెండు టీములుగా విడిపోయి ఆడుకుంటారు. పెద్ద స్టేడియం ఎవరూ కట్టి ఇవ్వక్కర్లేదు. బడి గేటు తాళం ఆదివారం పొద్దున ఏడింటికి తీయాలి. బాత్‌రూము తాళం కూడా తీయాలి, ఇది రెండోసారి రాస్తున్నానని విసుక్కోకండి, ఆడపిల్ల ఆట మానేసేది చాలాసార్లు అక్కడే. పిల్లలకు తెలిసిన పెద్దమనిషి ఒకరు మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉండాలి. చీకటి పడకముందే, ఇంకా చెప్పాలంటే ఎండ ముదరకముందే ఆట ముగియాలి. ప్రతి వారం అదే చోట, అదే టైముకి. అప్పుడు అత్తగార్లు కూడా అలవాటు పడతారు. పొద్దున పాలబ్బాయి వచ్చినట్టు ఆటకూ ఒక వేళ ఉందంటే ఎవరూ పేరు పెట్టరు.

మీలో కొందరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. వారమంతా మిషను మీద వంగి కుట్టి, ఒక్క ఆదివారం దొరికితే బట్టలుతకాలా, తలంటు పోయాలా, గ్రౌండ్లో కూర్చోవాలా అని. నిజమే. ఇది కూడా ఆడవాళ్ల నెత్తినే పడితే నేను రాసినదంతా దండగ. అందుకే చెప్తున్నాను, అమెరికాలో మా మరిది నిలబడినట్టు ఇక్కడ నాన్నలు నిలబడాలి. ఆదివారం పొద్దున టీ కొట్టు దగ్గర మన మగవాళ్లు నిలబడే సేపు గ్రౌండ్లో నిలబడితే సరిపోతుంది. మా ఆయనతో ఈ మాటంటే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. రెండు వారాలు అట్లాగే పెట్టుకున్నారు. మూడో వారం వచ్చారు. ఇప్పుడు ఆయనే స్కోరు రాస్తారు, పాత డైరీలో, ఎర్ర ఇంకుతో. నియమాలు నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసని అందరికీ చెప్తారు కూడా.

మీ పిల్ల చదివే బళ్లో డ్రిల్లు మాస్టారు ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. మార్కుల కార్డు తీసుకోవడానికి వెళ్లినప్పుడు లెక్కల్లో ఎందుకు తగ్గిందని అడుగుతాం, వారంలో ఎన్ని పీరియడ్లు ఆడిస్తున్నారని ఎప్పుడైనా అడిగామా? స్కూల్ గేమ్స్ పోటీలకు అండర్ 14, అండర్ 17, అండర్ 19 జట్లను తీస్తారు. ఆ సెలక్షన్ల తేదీలు జిల్లా పేజీలో ఒక మూల చిన్న వార్తగా వస్తాయి, చూస్తుండండి. పిల్లకు పేరు రాకపోతే ఏడవనివ్వకండి అని నేననను, ఏడవనివ్వండి. కానీ వచ్చే ఆదివారం ఆడటానికి దానికొక చోటుండేలా చూడండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ మళ్లీ వస్తున్నాయట. మన పిల్లలు అంతదాకా పోతారో లేదో నాకు బెంగ లేదు. ఎనిమిదో క్లాసులో ఆగిపోకుండా తొమ్మిదో క్లాసులోకి ఆటతో సహా పోతే చాలు.

మా చెల్లెలి కూతురు వెళ్లేటప్పుడు గ్లౌజు మా అమ్మాయికే ఇచ్చేసింది. మాకు దగ్గర్లో ఉన్న ఒక బడి హెడ్మాస్టరు గారిని నలుగురు తల్లులం కలిసి అడిగాం. మొదట "ఏదైనా అయితే బాధ్యత ఎవరిదమ్మా?" అన్నారు. మాదేనని కాగితం మీద రాసిచ్చాం. మొదటి ఆదివారం ముగ్గురే వచ్చారు. టెన్నిస్ బంతి, ఒక గ్లౌజు, సున్నంతో గీసిన మూలలు. మా అత్తగారు మూడో వారం నుంచి స్టీలు డబ్బాలో మజ్జిగ పంపుతున్నారు. ఆమె ఇంకా గ్రౌండుకి రాలేదు.

పోయిన ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. ఒక పక్కకు సరిగ్గా తొమ్మిది మందే కావాలి. అవతలి పక్క ఎవరూ లేరు. ఆ సాయంత్రమే పెనుకొండ నుంచి ఫోను. "మా దగ్గర ఆరుగురున్నారే, ధర్మవరం నుంచి మీ వదిన కూతుర్ని కూడా ఒప్పించినాను. వచ్చే వారం ఏ రైలుకు రమ్మంటావు?"